మూగజీవములకు ఓడలో చోటు

ధ్యాన భాగము: యోనా 4:10, 11



యోనా కథను మనమందరము చిన్ననాడే సండే స్కూలులో నేర్చుకొంటిమి. పెద్ద చేపను మరచినవారు లేరు గాని, ఆ గ్రంథము ముగిసిన తీరును గమనించినవారు కొద్దిమందే. నీనెవె నశింపలేదని కోపించి ఊరి వెలుపల కూర్చున్న ప్రవక్తను దేవుడొక ప్రశ్న అడుగును. కుడియెడమలు ఎరుగనివారు ఆ పట్టణములో లక్ష ఇరువది వేలకు మించి యున్నారని జ్ఞాపకము చేసి, అంతటితో ఊరకుండక, అక్కడి పశువులను కూడ ఆ లెక్కలో చేర్చును. గ్రంథము అక్కడితో సమాప్తము. యోనా ఏమి జవాబిచ్చెనో వ్రాయబడలేదు. ఆ జవాబు మన నోట రావలెనని కాబోలు.

ఈ ప్రశ్న మాకు ఎట్లు తగిలెనో దాచక చెప్పుచున్నాము. 2021 ఆగస్టు 15న తాలిబానులు కాబూలు పట్టణము ప్రవేశించిరి. విమానాశ్రయపు ముళ్లకంచె మీదుగా పసిబిడ్డలను సైనికుల చేతికి అందించుచున్న చిత్రములను చూచి మనము కన్నీరు విడిచితిమి. 26వ తేదీన ద్వారము నొద్ద బాంబు ప్రేలి సుమారు 170 మంది ఆఫ్గనులును, 13 మంది అమెరికా సైనికులును మరణించిరి. రెండు దినములు గడచిన తరువాత, కాబూలులో జంతువుల ఆశ్రమము నడుపుచుండిన మాజీ బ్రిటిషు సైనికుడొకరు, ప్రత్యేకముగా మాట్లాడుకొన్న విమానములో సుమారు నూట ఏబది కుక్కలను పిల్లులను తీసికొని వెళ్లిరి. ఆయన ఆశ్రమములో పనిచేసిన ఆఫ్గనులను మాత్రము తాలిబానులు దారిలోనే ఆపివేసిరి. మనుష్యులకంటె పెంపుడు జంతువులకు ముందు చోటా అని బ్రిటను దేశమంతట గొప్ప వాదము చెలరేగెను.

ఆ వార్త చదివిన మేము తరువాతి ఆదివారమున ప్రసంగ పీఠము మీదనుండి గట్టిగా మాటలాడితిమి. మనిషి ప్రాణము కుక్క ప్రాణముకంటె చవుక అయిపోయిన కాలమిది అంటిమి. సంఘమంతయు తల ఊపెను. ఆరాధన ముగిసి గుమ్మము నొద్ద నిలిచియుండగా, మేకలు కాచుకొని బ్రదుకు ఒక వృద్ధురాలు వచ్చి, "అయ్యగారూ, మీ కోపం కుక్కల్ని తెచ్చినందుకా, మనుషుల్ని వదిలేసినందుకా?" అని అడిగెను. మేము జవాబు చెప్పలేక ఇంటికి వచ్చితిమి. యోనా నీడకొరకు కట్టుకొన్న పందిరి క్రింద మేమును కూర్చున్నామని ఆ రాత్రి తెలిసికొంటిమి.

ఆ ఆఫ్గను పనివారు కుటుంబములతో కూడ మరుసటి నెలలోనే పాకిస్తాను చేరి, అక్కడినుండి బ్రిటను చేరిరి. దేవునికి స్తోత్రము. అయితే వారు చేరకపోయిన యెడల ఆ వృద్ధురాలి ప్రశ్నకు మన జవాబు మారునా? దేవుని వాక్యమును విచారింతము.

మొదటిది. మనిషికే మొదటి చోటు. ఇందులో సందేహము లేదు. పిచ్చుకలను మరువని తండ్రికి మనము వాటికంటె విలువైనవారమని ప్రభువే చెప్పెను (లూకా 12:6, 7). కాని మత్తయి 12వ అధ్యాయములో ఆయన వాదించిన తీరు చూడుడి. విశ్రాంతిదినమున గుంటలో పడిన గొఱ్ఱెను పైకి తీయనివాడు మీలో ఎవడున్నాడని మొదట అడిగి, మనిషి గొఱ్ఱెకంటె ఎంతో శ్రేష్ఠుడు గదా అని తరువాత పలికెను. గొఱ్ఱెను తీయు చేయియే మనిషిని తీయును. గొఱ్ఱెను గుంటలో విడుచుట అలవాటైనవానితో ప్రభువు ఆ మాట చెప్పనే లేడు, అతనికి అది అర్థము కాదు. దయ అనునది గరిసెలోని గింజల వంటిది కాదు, పంచిన కొలది తరిగిపోవుటకు. అది చెలమ వంటిది, తోడిన కొలది ఊరును.

రెండవది. ప్రాణిని రక్షించుట పలుమారు మనిషిని రక్షించుటయే. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు, తమ కుక్కలను పిల్లులను విడిచి రాలేక నీట మునిగిన ఇండ్లలోనే నిలిచిపోయినవారు అనేకులు. దానివలన బుద్ధి తెచ్చుకొని ఆ దేశము 2006లో, విపత్తులకై వేయు ఏర్పాట్లలో పెంపుడు జంతువులను కూడ లెక్కింపవలెనని శాసనము చేసెను. 2022 ఫిబ్రవరి 24న యుక్రేను మీద యుద్ధము వచ్చినప్పుడు, ఒక చేత బిడ్డను, ఒక చేత పిల్లిబుట్టను పట్టుకొని స్త్రీలు సరిహద్దులు దాటిరి. శాంతికాలములో అయితే ఆ దేశపు కుక్క ఐరోపా సమాజములో అడుగిడుటకు చర్మము క్రింద చిప్ వేయవలెను. పిచ్చికుక్క వ్యాధి రాకుండ సూది వేయవలెను. ముప్పది దినములు గడచిన పిమ్మట రక్తపరీక్ష చేయించి, ఆపైన మూడు నెలలు కనిపెట్టవలెను. బాంబులు మూడు నెలలు ఆగునా? కాబట్టి పోలండు, రొమేనియా, హంగరీ, స్లొవాకియా దేశములు ఆ నియమములను సడలించి ముందు లోనికి రానిచ్చి, సూదులు తరువాత వేయించెను. నియమము చెడ్డది కాదు, అదియు ప్రాణరక్షణకే. అయినను విశ్రాంతిదినము మనుష్యుని కొరకే అని నేర్పిన ప్రభువు ఆ సరిహద్దు గుడారములలో సంతోషించియుండునని మా నమ్మకము.

మన దేశమును వెనుకబడలేదు. 2021లో కాబూలు రాయబార కార్యాలయమును కాచిన మాయా, బాబీ, రూబీ అను మూడు జాగిలములను మన సరిహద్దు పోలీసులు తమ విమానములోనే వెంట తెచ్చుకొనిరి. 2022 మార్చిలో యుక్రేను నుండి తిరిగి వచ్చు విద్యార్థులు పెంపుడు జంతువులను తెచ్చుకొనుటకు మన ప్రభుత్వము ఆ ఒక్కసారికి నియమములు సడలించెను. కేరళలోని ఇడుక్కి ప్రాంతపు విద్యార్థిని ఒకతె తన కుక్కపిల్లను ఎత్తుకొని నడచి రొమేనియా సరిహద్దు చేరి, దానితోనే ఇల్లు చేరెను. మన తణుకులో పుట్టి యుక్రేనులో వైద్యము చేయుచుండిన ఒక డాక్టరుగారు, తాను పెంచిన చిరుతజాతి మృగములు రెండింటిని విడిచి రానని నేలమాళిగలో నిలిచిపోయిరి. అడవి మృగములను ఇంట పెంచుట తగునా అని కొందరు అడిగిరి. ఆ తీర్పు మాది కాదు. నాతాను చెప్పిన కథలోని బీదవాడు తన ఒక్క గొఱ్ఱెపిల్లను కుమార్తెవలె చూచుకొనెనని విని దావీదు నవ్వలేదు, మండిపడెను (2 సమూ. 12). అట్టి ప్రేమను మనము పరిహసింపరాదు.

మూడవది. చేరదీసినవాని మీద భారమున్నది. కీవు దగ్గర బొరొద్యాంక అను ఊరి జంతుశాలలో, యుద్ధము వచ్చిన నాటినుండి ఏప్రిల్ ఆరంభము వరకు, రెండు వందలకు పైగా కుక్కలు అన్నము నీళ్లు లేక బోనులలోనే చచ్చెను. తాళము వేసిన చేయి తాళము తీయుటకు రాలేదు. అక్కడివారి భయమును మనము ఎరుగము గనుక వారికి తీర్పు తీర్చము. కాని 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పటి సంగతి మన పెద్దలు చెప్పగా వింటిమి. పలుపు విప్పని పశువులు గుంజల యొద్దనే చచ్చి పడియుండెను. ఐగుప్తు మీద వడగండ్లు కురిపించుటకు ముందు దేవుడు శత్రువులైన వారికి కూడ, మీ పశువులను నీడకు చేర్చుకొనుడని కబురు పంపెను (నిర్గమ. 9:19). శత్రువు ఇంటి పశువు మీద కూడ ఆయనకు దయ యున్నది.

కాబట్టి ప్రియులారా, తుపాను కబురు వచ్చి సురక్షిత స్థలమునకు పోవుచున్నప్పుడు, ముసలివారిని పిల్లలను బండి ఎక్కించిన తరువాత, తోడుకొని పోవుటకు వీలున్న పశువును తోడుకొని పోవుడి. వీలు లేని యెడల ఒక్క నిమిషము ఆగి పలుపు విప్పుడి. పిల్లలు ముచ్చటపడిరని తెచ్చుకొన్న కుక్కపిల్లను పెరిగిన తరువాత పొలిమేరలో దింపి రాకుడి. యుద్ధభూమి నుండి తెచ్చిన కుక్కకు పరాయి దేశస్థుడు తన గుమ్మము తెరచుచున్నాడు. మన ఊరిలో యుద్ధము లేదు, అయినను ఎన్ని ప్రాణములు మన వాకిట ఆకలితో పడియున్నవో చూడుడి. వాకిట నిలిచిన మనిషిని అంతకుముందే చూడుడి.

మరుసటి ఆదివారము మేము పీఠము మీదనుండి మా మాటను సరిదిద్దుకొంటిమి. మనుష్యులను విడిచినందుకు దుఃఖింతము, కుక్కలను తెచ్చినందుకు కోపింపము అని చెప్పితిమి. ఆ వృద్ధురాలు వెనుక వరుసలో కూర్చుండెను. ఆమె తల ఊపలేదు, మా వంక చూచి ఊరకుండెను. ముందుగా మాటలాడి తరువాత ఆలోచించిన బోధకునికి అదియే చాలిన శిక్ష.

నోవహు ఓడలో మనుష్యులు ఎనమండుగురే. మిగిలిన చోటంతయు ఎవరికి ఇయ్యబడెనో మనమెరుగుదుము. ఆ ఓడ తలుపు మూసిన ప్రభువే మన హృదయపు తలుపు తెరచును గాక. ఆమేన్.