గడ్డి ఎండింది, రాయి కుక్కకు తగిలింది

ఈ వారం వీడియోలో సరమ కథ విన్నారు కదా. దాని వెనకాల నా సొంత కథ ఒకటుంది. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు, ఇక్కడ రాస్తున్నా.

సైదాబాద్‌లో మాది పాత ఇండిపెండెంట్ ఇల్లు. గేటుకీ వరండాకీ మధ్య నాలుగు మంచాలు పట్టేంత లాన్. నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి తెచ్చి నేనే వేశా. మేలో ఒక మూల పక్కపక్కనే రెండు చోట్ల గడ్డి మాడిపోయింది. అమ్మ రోజూ రాత్రి అన్నం పెట్టే వీధి కుక్క ఆ పక్కనే పడుకునేది. నెట్‌లో చూస్తే, కుక్క మూత్రంలోని నత్రజనికి గడ్డి చచ్చిపోతుందని ఉంది. ఇంకేం, కేసు క్లోజ్. ఒక పొద్దున అది గేటు సందులోంచి దూరుతుంటే రాయి తీసి కొట్టా. కాలికి తగిలింది. కుయ్యోమంటూ పోయింది, మళ్ళీ రాలేదు.

ఆఫీసులో ఎవరైనా లాగ్స్ చూడకుండా బగ్‌ని పక్క టీమ్ మీదికి తోస్తే గొడవ చేసేది నేనే. ఇక్కడ లాగ్ కళ్ళ ముందే ఉంది. మూత్రం పడితే మధ్యలో గడ్డి మాడుతుంది, కానీ చుట్టూ అంచు ముదురు పచ్చగా తయారవుతుంది. పలచబడితే అదే నత్రజని ఎరువు మరి. మా మచ్చలకి అలాంటి అంచే లేదు. వానలు పడ్డాక బాగుచేద్దామని గునపంతో తవ్వితే, రెండంగుళాల మట్టి కింద గట్టిపడ్డ సిమెంటు పెళ్ళలు! కిందటేడు ప్రహరీ రిపేరప్పుడు, మాలు ఎక్కడ కలపమంటారు సార్ అని మేస్త్రీ అడిగితే ఆ మూల చూపించింది నేనే. దాని మీదే మట్టి పరిచి గడ్డి వేశా. వేళ్ళు దిగలేదు, ఎండకి పోయింది.

మహాభారతంలో కుక్క అనగానే అందరూ చివర్లో ధర్మరాజు వదలనన్న కుక్కనే తలుచుకుంటాం. మొదట్లో ఆదిపర్వంలో ఇంకోటి ఉంది. జనమేజయుడి సత్రయాగం దగ్గరికి సరమ కొడుకు వస్తే తమ్ముళ్ళు కొట్టారు. అది హవిస్సు ముట్టలేదు, అటు చూడను కూడా లేదు. నా బిడ్డ చేసిన తప్పేంటని సరమ వచ్చి అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. ఊహించని భయం మీకు వస్తుందని శపించింది. జనమేజయుడు బెదిరిపోయి, ఆ పాపం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కుని సోమశ్రవసుణ్ణి తెచ్చుకున్నాడు.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. ఆయన తన భయానికి మందు వెతుక్కున్నాడు. దెబ్బలు తిన్న ఆ పిల్ల దగ్గరికి ఎవరైనా వెళ్ళారా? కథలో లేదు. నేను గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుంటే నా మనసు తేలికవుతుంది, దాని కాలు బాగవుతుందా?

కామెంట్లలో ఒకరు అడగొచ్చు, కుక్కే తప్పు చేసి ఉంటే రాయి సరైనదేనా అని. మూత్రం పడ్డ వెంటనే బకెట్ నీళ్ళు పోస్తే చాలా వరకు సరిపోతుంది, రాయి అవసరం అప్పుడూ లేదు. అలాగని కుక్కలంటే భయం ఉత్తదే అనను. 2023 ఫిబ్రవరిలో మాకు దగ్గర్లోనే అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధి కుక్కలు చంపేశాయి. ఆ తర్వాత నేనూ చాలా రోజులు కర్ర పట్టుకునే నడిచా. కానీ ఆ పొద్దున నాది భయం కాదు, లాన్ పోయిందన్న కోపం.

పెళ్ళలన్నీ ఏరేసి, జానెడు లోతు తవ్వి, ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపా. పక్కనున్న గడ్డినే చిన్న చిన్న ముక్కలుగా తీసి నాటా. ఈలోగా దానంతటదే గరిక పాకింది. లాన్ వాళ్ళకి అది కలుపు, వినాయక చవితికి మనం ఏరుకొచ్చేదీ అదే. పీకలేదు.

కుక్క రెండు వీధుల అవతల కనిపించింది, కాస్త కుంటుతోంది. అమ్మ ఏమీ అనలేదు, అన్నం గిన్నె నా చేతికిచ్చింది. ఇప్పుడు రాత్రిళ్ళు నేనే తీసుకెళ్తున్నా. నన్ను చూడగానే లేచి దూరం పోతుంది. గిన్నె పెట్టి మలుపు దాకా వచ్చేశాక, అప్పుడు తింటుంది.