పాత ఇనుము, మంచి మనస్సాక్షి

చదువదగిన వాక్యభాగములు: 2 రాజులు 6:1-7, ద్వితీయోపదేశకాండము 22:1-8, సామెతలు 20:14



ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు ఇండ్లకు వెళ్లిన పిమ్మట, మన సంఘపు యువకుడొకడు గుడి మెట్ల యొద్ద నిలిచి యుండెను. అతడు పట్టణములో పాత బండ్లను విప్పి సామాను అమ్ము కొట్టులో పని చేయుచున్నాడు. "అయ్యగారూ, నేను అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు. అయినా రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు" అనెను.

సంగతి ఇది. తుక్కుకు వచ్చిన ఒక చిన్న సరకుల బండి నుండి ముందు చక్రములను త్రిప్పు టై రాడ్డు అను కడ్డీని అతడు విప్పెను. దాని కొనయందు వెంట్రుకవాసి పగులు కనబడెను. యజమాని దానిపై వెల్డింగు పెట్టించి, సానపట్టించి, నల్లరంగు పూయుమనెను. ఇతడు పూసెను. కొనవచ్చిన డ్రైవరు ధర అడిగెనేగాని, బాగున్నదా అని అడుగలేదు. ఇతడును చెప్పలేదు. ఆ బండి తెల్లవారుజామున కూలీ స్త్రీలను మిరపకోతకు ఎక్కించుకొని పోవునది. "అడగని దాన్ని చెప్పకపోవడం పాపమా, అయ్యగారూ?"

తర్కించుటకు ముందు చేయవలసిన పని ఒకటి యుండెను. ఆ డ్రైవరుకు అప్పుడే ఫోను చేయించి, బండిని కదపవద్దని చెప్పించితిని. ఆ తరువాతనే మెట్లమీద కూర్చుండి మాటలాడుకొంటిమి. ఆ మాటలే ఈ నెల మీకు వ్రాయుచున్నాను.

మొదట, ఈ వృత్తిని ఎవరును తక్కువగా చూడకూడదు. పిడుగురాళ్ల సున్నమును, మాచర్ల బండలను మోసిన లారీలు ఏనాటికైనను అరిగి మూలపడును. వాటి కమాను పట్టీలు మన కమ్మరి కొలిమిలో గొడ్డళ్లును కత్తులును అయినవి. వాటి ఇరుసులును టైర్లును మన రైతులకు టైరు బండ్లయినవి. విజయవాడలోని జవహర్ ఆటోనగర్‌లో ఎన్ని కుటుంబములు ఇట్టి పనిచేత అన్నము తినుచున్నవో చూచినవారికి తెలియును. అయిదు వేలమంది తిని తృప్తిపొందిన తరువాత, మిగిలిన ముక్కలు వ్యర్థము కాకుండ పోగుచేయుమని మన ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను (యోహాను 6:12). పారవేయబడినదానిలో పనికివచ్చుదానిని వెదకుట ఆయనకు ఇష్టమైన పనియే.

ఈ పనిలో యుక్తియు మెండు. తుప్పుపట్టిన నట్టు యొద్ద బలాత్కారము పనికిరాదు. ఇనుప బ్రష్షుతో తుడిచి, పలుచని నూనె గాని కిరసనాయిలు గాని పోసి, రాత్రియంతయు నాననిత్తురు. ఉదయమున సుత్తితో చుట్టును మెల్లగా తట్టుదురు. ఆ అదురుకు తుప్పు విడి నూనె లోనికి దిగును. పిమ్మట విప్పుటకు ముందు ఒకింత బిగించి చూతురు. అది కదలినచో విప్పుట సులభము. మూలలరిగి పానా జారు నట్టుకు కొంచెము చిన్నదైన గొట్టపు పానాను కొట్టి ఎక్కింతురు. పానా పిడికి పొడవైన గొట్టము తొడిగినచో ఒకని బలము ఇద్దరి బలమగును. కొన్ని పాత లారీలకు ఎడమ చక్రముల నట్లు ఎదురు మరలు గలవి. తెలియనివాడు విప్పుచున్నాననుకొని బిగించును. విప్పిన బోల్టుకు దాని నట్టునే మరల చుట్టి, జత తప్పకుండ ఉంచుదురు. బ్రేకు డ్రమ్మును వ్రేలాడదీసి సుత్తితో తట్టినచో మంచిది గంటవలె మ్రోగును, పగిలినది మొద్దు శబ్దమిచ్చును. బుద్ధిమంతుడైన మేస్త్రీ జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరడు, దుంగలు పేర్చును. ఇంధనపు ట్యాంకు దగ్గర నిప్పు పెట్టడు.

ఇంత నేర్పు గలవానికి దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నది? ఎలీషా దినములలో ఒకడు మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి యొర్దాను నీటిలో పడెను. వాడు కేక వేసినది ఇనుము విలువగలదని కాదు, అది ఎరువు తెచ్చినదని. ప్రవక్త అది పడిన చోటు అడిగి, కొమ్మ నరికి వేయగా ఇనుము తేలెను. చూడుడి, ఇనుమును తిరిగి సంపాదించిన ఆ వృత్తాంతములో మొదట వినబడినది సొంతదారుని గూర్చిన చింత. కాబట్టి పాత ఇనుము పట్టుకొను ప్రతివాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఇది ఎవరిది? సహోదరుని ఎద్దు గాని వస్త్రము గాని తప్పిపోయి కనబడినచో చూడనట్టు పోక తిరిగి అప్పగించవలెనని ధర్మశాస్త్రము. అర్ధరాత్రి వచ్చిన బండిని, కాగితములు లేని బండిని తెల్లవారకముందే ముక్కలు చేయుట విప్పుట కాదు, దాచుట. దొంగసొత్తని తెలిసి కొనుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను క్రింద నేరము. పూర్తిగా పాడైన బండిని గూర్చి రిజిస్ట్రేషను అధికారికి 14 దినములలోగాని, వీలైనంత త్వరగాగాని తెలుపవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను. చచ్చిన బండి పేరుతో దొంగబండి తిరుగకుండుటకు ఇది అవసరము.

రెండవ ప్రశ్న: దీనిమీద ఎవరి ప్రాణమున్నది? క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల అక్కడనుండి పడినవాని రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చునని మోషే చెప్పెను. పడువాడు తన కాలు తానే చూచుకొనవలసినది గదా అని దేవుడు ఇంటివానిని విడిచిపెట్టలేదు. అట్లే, కొనువాడే చూచుకొనవలెనను మాట కొట్టులో చెల్లునేమో గాని దేవుని యెదుట చెల్లదు. తలుపు, అద్దము, సీటు, దీపపు డొప్ప పాతవైనను మేలే. అవి విఫలమైనచో కొన్నవానికి కొంత నష్టము. పగిలిన స్టీరింగు కడ్డీ, అరిగిన బ్రేకు డ్రమ్ము, గట్టిపడిన బ్రేకు రబ్బరులు అట్టివి కావు. అవి విఫలమైన దినమున నష్టము కొన్నవానితో ఆగదు. బేరము మాటయే ఎరుగని పదిమంది తల్లులు రోడ్డుమీద పడుదురు.

ఆ యువకుడు ఎదురాడెను: "క్రొత్తది కొనలేని బీదవాడే మా దగ్గరకు వస్తాడు, అయ్యగారూ. మేము ఇవ్వకపోతే వాడి బండి నిలిచిపోతుంది." ఇది తేలిక మాట కాదు. బీదవానికి చౌకసామాను కావలెను. అయితే లోపము చెప్పి తక్కువ ధరకు ఇచ్చుట సహాయము. ప్రాణము మోయుదాని లోపమును దాచి ఇచ్చుట వాని బీదతనమునే పెట్టుబడి చేసికొనుట. చచ్చు గోధుమలను బీదలకు అమ్మిన వర్తకులమీద ఆమోసు ప్రవక్త కోపించినది ఇందుకే (ఆమోసు 8:4-6). నీ నాలుక అబద్ధమాడలేదు, నిజమే. గాని నల్లరంగు నీ పక్షమున అబద్ధమాడెను. మేలు చేయ తెలిసియు చేయనివానికి అది పాపమని యాకోబు వ్రాసెను (4:17).

మూడవ ప్రశ్న కొనువారికి: నా బేరపు మాట నిజమైనదా? ఇది వ్రాయుచు నేనే సిగ్గుపడుచున్నాను. నా పాత స్కూటరుకు కార్బురేటరు కొనుటకు అట్టి కొట్టుకే పోయితిని. అది మంచిదని చూడగానే తెలిసెను. అయినను, పనికిరాదు, అరిగినది అని పదిమార్లు పలికి సగము ధరకు తెచ్చి, ఇంటిలో నా తెలివిని పొగడుకొంటిని. కొనునప్పుడు చెడ్డదని చెప్పి, వెళ్లిన తరువాత అతిశయపడువాడు సామెతలలో ఉన్నాడు. వాడు నేనే. అమ్మువాడు రంగు పూసెను, నేను మట్టి పూసితిని, రెండును ఒక్కటే. ఆ యువకునికి బుద్ధి చెప్పుటకు ముందు ఈ సంగతి అతనికి ఒప్పుకొంటిని.

ఆ సాయంకాలము అతడు డ్రైవరు ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పెను. డ్రైవరు మొదట తిట్టెను, తరువాత ఊరకుండెను. క్రొత్త కడ్డీకి కావలసిన డబ్బులో సగము ఈ యువకుడు తన కూలినుండి ఇచ్చెను. యజమాని సంతోషింపలేదు, బేరము బల్ల యొద్దనుండి తీసి తుప్పు విప్పు పనికి పంపెను. జీతము కొంత తగ్గినది. నిద్ర పట్టుచున్నదని మాత్రము అతడు నాతో చెప్పెను.

మన పల్లెలలో కొన్ని గుళ్లకు నేటికిని గంటగా వ్రేలాడుచున్నది పాత లారీ చక్రపు రిమ్మే. తుక్కులోనుండి వచ్చినదైనను పగులు లేదు గనుక అది మ్రోగుచున్నది. వచ్చే ఆదివారము ఆ శబ్దము వినునప్పుడు, నా మాటను తట్టినచో ఎట్లు మ్రోగునని ప్రతివాడును తన్నుతాను అడుగుకొనును గాక. మొద్దు శబ్దము వచ్చినచో రంగు పూయకుడి. ప్రభువు యొద్దకు తెండి. పగిలినవారిని ఆయన త్రోసివేయడు, పగులును దాచిపెట్టడు, బాగుచేయును. ఆమేన్.