పుట్టింటి గడప: భారతీయ సంతతివారి జీవితకాల ప్రవేశహక్కుకు నైతిక పునాది

ప్రస్తావన

ఒక చట్టం ఒక వ్యక్తిని 'పౌరుడు' అని పిలిచి, ఆ మాటకున్న ప్రధానార్థాన్ని మరో నిబంధనలో ఉపసంహరించుకోవడం అరుదైన విషయం. 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' అనే పేరులో ఆ వైరుధ్యం ఉంది. ఓసీఐగా వ్యవహారంలో ఉన్న ఈ హోదాను పొందినవారు విదేశీ పౌరులుగానే ఉంటారు. వారికి ఓటు లేదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, న్యాయమూర్తి పదవులకు, చట్టసభల సభ్యత్వానికి వారు అర్హులు కారు. ప్రభుత్వోద్యోగంలో సమానావకాశాన్ని కల్పించే రాజ్యాంగం 16వ అధికరణం వారికి వర్తించదు. అయినా ఎప్పుడైనా భారతదేశానికి రావచ్చు; ఎంతకాలమైనా పోలీసు నమోదు లేకుండా నివసించవచ్చు. 2015 సవరణ ఈ పేరుకు 'కార్డుదారుడు' అనే మాటను చేర్చింది. పౌరుడినుంచి కార్డుదారుడికి జరిగిన ఈ ప్రయాణం కేవలం పదాల మార్పు కాదు.

పూర్వీకులు ఒక నేలమీద పుట్టారన్న కారణంగా ఆ నేలకు రాకపోకలు సాగించే హక్కు మనవలకు, మునిమనవలకు ఎందుకు ఉండాలి? ఉంటే దాని అవధి ఏది? ఈ ప్రశ్నలకు చట్టం సమాధానం చెబుతుంది గాని ఉపపత్తి చెప్పదు. ఆ ఉపపత్తిని అన్వేషించడమే ఈ వ్యాసోద్దేశం.

చట్టం తెరిచిన తలుపు

రాజ్యాంగ నిర్మాతలు ఈ ప్రశ్నను ఎరగనివారు కారు. తల్లిదండ్రులలోగాని, వారి తల్లిదండ్రులలోగాని ఒకరు అవిభక్త భారతదేశంలో పుట్టి ఉంటే, విదేశాలలో నివసిస్తున్న వ్యక్తి భారత పౌరుడుగా నమోదు కావడానికి 8వ అధికరణం అవకాశమిచ్చింది. మరో దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించినవారికి 9వ అధికరణం ఆ తలుపు మూసింది. 1955 నాటి పౌరసత్వ చట్టం కూడా ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించలేదు. 1999లో వచ్చిన పీఐఓ కార్డు, 2003, 2005 సవరణల ద్వారా వచ్చిన ఓసీఐ హోదా ఈ మూసిన తలుపు పక్కన తెరిచిన మరో ద్వారం వంటివి. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులను అందజేశారు. 2015లో పీఐఓ పథకాన్ని ఓసీఐలో విలీనం చేశారు. నేడు ఈ కార్డుదారుల సంఖ్య 40 లక్షలకు పైగా ఉంది.

పుట్టింటి ఉపమానం

ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు కుటుంబ వ్యవస్థలో ఒక సన్నిహితమైన ఉపమానం ఉంది. పెళ్లయిన ఆడపడుచుకు పుట్టింటి గడప ఎప్పుడూ తెరిచే ఉంటుందని మన సమాజం చెప్పుకొంది. పండుగకు పిలుపు ఉంది, పసుపుకుంకుమలున్నాయి, చీరసారెలున్నాయి. కాని పొలంలో వాటా లేదు. ఇంటి నిర్ణయాలలో మాట లేదు. ఓసీఐ కార్డుదారు స్థితి దీనికి ఎంత దగ్గరగా ఉందంటే, పోలిక పొలం దగ్గర కూడా నిలుస్తుంది: ఈ కార్డుతో ఇల్లు కొనుక్కోవచ్చు గాని వ్యవసాయభూమి కొనే వీలు లేదు.

అయితే ఈ ఉపమానంలోనే ఒక విమర్శ కూడా ఉంది. ఆడపడుచుకు ఇచ్చింది ఆదరమే గాని హక్కు కాదని గ్రహించడానికి మనకు చాలా కాలం పట్టింది. హిందూ వారసత్వ చట్టానికి 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కుమార్తెకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. ఆ సవరణ కూడా అప్పటికే పెళ్లయినవారిని బయటే ఉంచింది; కేంద్ర చట్టం ఆ భేదాన్ని 2005లో తొలగించింది. ఓసీఐ పరిధి విస్తరించిన సంవత్సరం కూడా అదే కావడం యాదృచ్ఛికం. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం స్పష్టమవుతుంది. దయాధర్మంగా లభించే ప్రవేశానికీ, హక్కుగా లభించే ప్రవేశానికీ ఉన్న తేడా ఆహ్వానంలోని మాధుర్యంలో ఉండదు. ఆ ఇంటివారికి కోపం వచ్చిన రోజున తెలుస్తుంది.

రక్తమా, సంబంధమా

ఈ హోదాకు రక్తసంబంధమే ఆధారమని సామాన్యంగా భావిస్తారు. చట్టాన్ని జాగ్రత్తగా చదివితే ఆ భావన నిలవదు. ఓసీఐ కార్డుదారునిగాని, భారత పౌరునిగాని వివాహమాడి రెండేళ్లు కాపురం చేసిన విదేశీ వ్యక్తి కూడా, భారతీయ రక్తం లేకపోయినా, ఈ హోదాకు అర్హుడే. మరోవైపు తాను గాని, తన తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలలో ఒకరు గాని పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే, మిగిలిన వంశమంతా భారతీయమే అయినా ఆ వ్యక్తి అనర్హుడు. రక్తం లేనివారికి ప్రవేశమిచ్చి, రక్తం ఉన్నవారిని నిరాకరించే చట్టానికి రక్తమే పునాది అనడం తర్కవిరుద్ధం. చట్టం తనకు తెలియకుండానే ఆశ్రయిస్తున్నది సంబంధాన్ని.

సంబంధం అన్నప్పుడు ఋణభావన గుర్తుకు వస్తుంది. సంప్రదాయం చెప్పే పితృఋణం సంతానం పూర్వీకులకు చెల్లించవలసినది. ప్రవాస చరిత్ర ఈ దిశను తిరగవేస్తుంది. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారున్నారు. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు రావడానికి గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవే కారణం. ఒక్క మారిషస్ దీవిలోనే 1834కూ 1920కీ మధ్య దిగిన భారతీయ ఒప్పంద కూలీలు దాదాపు 5 లక్షలు. వారి వలసలో కరవు ఉంది, అప్పు ఉంది, దళారుల మోసం ఉంది, వలసపాలకుల చెరకుతోటల అవసరం ఉంది. నిలుపుకోలేకపోయిన బిడ్డల సంతతికి ఆ నేల ఏమైనా బాకీ పడిందా అన్నదే ఇక్కడి ప్రశ్న. బాకీ ఉందన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన. అది ఆస్తి బాకీ కాదు, గుర్తింపు బాకీ.

తరాల లెక్క, కాగితాల లెక్క

ఋణమే ఆధారమైతే ప్రస్తుత నిబంధనలలోని ఒక అన్యాయం కనబడుతుంది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 నాటికి పౌరసత్వానికి అర్హత ఉన్న వ్యక్తినుంచి మునిమనవల వరకే చట్టం లెక్కిస్తుంది. దీని ఫలితం విచిత్రం. ఎవరి పూర్వీకులు ముందుగా ఓడ ఎక్కారో వారి సంతతే ముందుగా ఈ లెక్క దాటిపోతుంది. గత శతాబ్ది చివర స్వేచ్ఛగా అమెరికా వెళ్లిన ఇంజనీరు మనవడికి అర్హత సులభం. 1840లలో మారిషస్ వెళ్లిన కూలీ వారసుడికి దుర్లభం. ప్రభుత్వం ఈ లోపాన్ని పాక్షికంగా గుర్తించింది. సూరినామ్‌లో స్థిరపడిన సంతతికి ఆరో తరం వరకు అర్హతను పొడిగిస్తున్నట్లు 2023లోనూ, మారిషస్‌లో ఏడో తరం వరకు పొడిగిస్తున్నట్లు 2024లోనూ రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆయా దేశాల పర్యటనలలో ప్రకటించారు. ఇవి స్వాగతించదగినవే. కాని దేశానికొక లెక్క ఏర్పడితే, అది సూత్రం కాక దౌత్య సౌజన్యమే అవుతుంది.

రెండవ అవరోధం కాగితం. వంశాన్ని నిరూపించవలసిన వారసుడు చివరికి ఆశ్రయించవలసింది నాటి వలస రిజిస్టర్లనే. కూలీ పేరు, తండ్రి పేరు, కులం, గ్రామం, తాలూకా, జిల్లా, ఒంటిమీది పుట్టుమచ్చ - ఇవన్నీ మనిషిని సరుకుగా గుర్తించడానికి రాసుకున్నవి. బంధనానికి పుట్టిన పత్రమే నేడు బంధుత్వానికి సాక్ష్యంగా నిలవవలసి వచ్చింది. ఆ సాక్ష్యం కూడా అసంపూర్ణం. పరభాషా గుమస్తా చెవికి వినబడినట్లు రాసిన పేర్లు అవి. తెలుగువాని గుర్తింపుకు మూలమైన ఇంటిపేరు చాలాచోట్ల అందులో చేరలేదు. తొలి వలసదారు వ్యక్తినామమే కాలక్రమంలో వంశనామమైంది. రిజిస్టరు రాసినవారి అశ్రద్ధకు ఆరు తరాల తరువాతి మనిషిని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. పేర్ల రూపాంతరాలను, ఊరిపేర్ల పూర్వరూపాలను నిర్ధారించడంలో తెలుగు శాఖల పరిశోధకులు చేయగలిగిన సహాయం ఎంతో ఉంది.

పూర్వపక్షం

ఈ వాదానికి బలమైన పూర్వపక్షం సమానత్వ దృష్టినుంచి వస్తుంది. పుట్టుక ఎవరి ప్రతిభా కాదు. పుట్టుకతో వచ్చే ప్రత్యేక హక్కును కులం విషయంలో ఖండించే మనం వంశం విషయంలో సమర్థించడం ఎలా? భారతదేశంలో దశాబ్దాలుగా జీవిస్తున్న, భారతీయ మూలాలు లేని విదేశీయునికి లేని సౌలభ్యం, ఈ నేలను ఎన్నడూ చూడని వ్యక్తికి ఎందుకు?

ఈ ఆక్షేపణలో సగం అంగీకరించదగినది. వంశం ఒక్కటే అధికారానికి ఆధారం కారాదు. అందుకే ఓటును నిరాకరించడం సమంజసమే. చట్టసభ నిర్ణయాల ఫలితాన్ని అనుభవించేవారే ఆ నిర్ణయాలలో పాల్గొనాలి. పాల్గొనదలచినవారికి దారి కూడా ఉంది: అయిదేళ్లు కార్డుదారుగా ఉండి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడ నివసించినవారు విదేశీ పౌరసత్వాన్ని వదులుకొని భారత పౌరసత్వం కోరవచ్చు. కాని ప్రవేశం అధికారం కాదు. కులాధిక్యం ఇతరులను కిందికి నెడుతుంది. పూర్వీకుల ఊరు చూడవచ్చిన మనవరాలు ఎవరి వాటానూ తగ్గించదు. దీర్ఘకాల నివాసికి కూడా భద్రత కావాలనడం న్యాయమైన కోరిక. అది ఈ హక్కును విస్తరించడానికి కారణమవుతుంది గాని రద్దుచేయడానికి కాదు.

'జీవితకాలం' అనే మాట

చివరి ప్రశ్న ఈ హక్కు స్థిరత్వానికి సంబంధించినది. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం పరిశోధన, పాత్రికేయం, మతప్రచారం వంటి పనులకు కార్డుదారులు ప్రత్యేకానుమతి పొందాలి. తన ముత్తాత ఊరి భాషను అధ్యయనం చేయదలచిన మారిషస్ తెలుగు పరిశోధకురాలు పర్యాటకురాలిగా రావచ్చు. పరిశోధకురాలిగా రావాలంటే అనుమతి కావాలి. అదే నోటిఫికేషన్ భారత పౌరులకు ఉద్దేశించిన వైద్యవిద్యా సీట్లకు కార్డుదారులను దూరం చేసింది. ఆ మార్పు అప్పటికే కార్డు పొందినవారికి వర్తించదని 2023లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇచ్చిన మాట మీద ఆధారపడి జీవితాన్ని నిర్మించుకున్నవారి పట్ల రాజ్యానికి బాధ్యత ఉందన్న నైతిక సూత్రం ఆ తీర్పు ఫలితంలో కనిపిస్తుంది.

దీనికి భిన్నంగా, ఏడేళ్లు లేదా అంతకుమించిన శిక్షకు అవకాశమున్న నేరంలో అభియోగపత్రం దాఖలైనంత మాత్రాన కార్డు రద్దుకు వీలు కల్పిస్తూ 2025 ఆగస్టులో ప్రకటన వెలువడింది. అభియోగం నేరనిర్ధారణ కాదు. దేశభద్రత కోసం రాజ్యం తలుపు మూయవలసిన సందర్భాలు ఉండవచ్చు. కాని తీర్పుకు ముందే మూయగలిగిన తలుపును 'జీవితకాలం' అనడం భాషాపరంగా కూడా సత్యం కాదు.

ముగింపు

ఈ చట్టం విడిచిపెట్టిన ఒక సమూహం మొత్తం చర్చకు గీటురాయి వంటిది. ఓసీఐ కావాలంటే మరో దేశపు పౌరసత్వం ఉండాలి. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టం కింద పూర్తి పౌరసత్వం దక్కని భారతీయ సంతతివారెందరో ఉన్నారు. ఏ దేశానికీ చెందనివారు ఈ ద్వారం దగ్గరకైనా రాలేరు. రెండు ఇళ్లున్నవారికి పుట్టింటి గడప తెరిచి, ఏ ఇల్లూ లేనివారికి మూసి ఉంచడం ఋణవిముక్తి కాదు.

కాబట్టి ఈ హోదాకు నైతిక పునాది రక్తం కాదు, పెట్టుబడి అంతకన్నా కాదు; తెగిన సంబంధాన్ని గుర్తించవలసిన బాధ్యత. రాజకీయాధికారంపై పరిమితి ఆ బాధ్యతకు విరుద్ధం కాదు. తరాల లెక్క, దొరకని కాగితం, తీర్పుకు ముందే రద్దు మాత్రం విరుద్ధం. ఆడపడుచు విషయంలో ఆదరాన్ని హక్కుగా మార్చడానికి మన సమాజానికి తరాలు పట్టింది. ఓడలెక్కి వెళ్లినవారి బిడ్డల విషయంలో అంత ఆలస్యం జరగకూడదు.