మనుషులు మారినా బృందం అదేనా?

1974 ఆరంభంలో అమెరికాలో ఫ్లీట్‌వుడ్ మాక్ కచేరీలకు టికెట్లు కొన్నవాళ్లకు ఆ పేరూ ఆ పాటలూ దొరికాయి గానీ మనుషులు దొరకలేదు. ఆ బ్రిటిష్ రాక్ బృందంలో డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ ఆరడుగులు దాటిన మనిషి. ఉన్నాడో లేడో చివరి వరసలో కూర్చున్నవాడికైనా తెలిసిపోతుంది. లేడు. బేస్ గిటార్ పట్టుకున్నది జాన్ మెక్‌వీ కాదు, పాడుతున్నది క్రిస్టీన్ మెక్‌వీ కాదు. అంతకుముందు సాగుతున్న పర్యటన మధ్యలోనే రద్దయితే, మేనేజర్ క్లిఫర్డ్ డేవిస్ ఆ పేరు తనదేనంటూ కొత్త వాద్యకారులను పోగుచేసి పంపాడు. జనం గొడవ చేశారు, పర్యటన కూలిపోయింది, కోర్టు వ్యవహారం ఏళ్ల తరబడి నడిచింది. సంగీత లోకపు తమాషా కబురుగా చదివి పక్కన పెట్టొచ్చు. కానీ భాగాలన్నీ మారిపోగల వస్తువు దేనివల్ల ‘అదే’ అనిపించుకుంటుందన్న పాత తాత్విక ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఆ కొత్తవాళ్లు నకిలీ అని అంత ధీమాగా ఎలా అంటున్నాం?

ధీమా ఎందుకు చిక్కంటే, అసలు బృందం మారిన మార్పు తక్కువేమీ కాదు. దాన్ని 1967లో లండన్‌లో మొదలుపెట్టింది గిటారిస్టు పీటర్ గ్రీన్. బ్లూస్ సంగీతకారుడు జాన్ మేయాల్ బృందంలో ఉండగా చేతికొచ్చిన స్టూడియో సమయంలో ఒక వాద్య రచన రికార్డు చేసి, వెనక తాళం పట్టిన ఫ్లీట్‌వుడ్, మెక్‌వీల పేర్లు కలిపి దానికి పెట్టాడు. అదే తర్వాత బృందం పేరైంది. అప్పట్లో వాళ్లది బ్లూస్ సంగీతం. 1970లో గ్రీన్ వెళ్లిపోయాడు. 1971లో స్లైడ్ గిటారిస్టు జెరెమీ స్పెన్సర్, ఆ మరుసటి ఏడాది డానీ కిర్వన్ దూరమయ్యారు. అమెరికన్ బాబ్ వెల్చ్ వచ్చాడు, 1974 చివర అతనూ తప్పుకున్నాడు. ఆ చోటికి లిండ్సే బకింగ్‌హామ్‌ను అడిగితే, స్టీవీ నిక్స్ కూడా ఉంటేనే వస్తానన్నాడు. ఫ్లీట్‌వుడ్, ఇద్దరు మెక్‌వీలు, ఈ ఇద్దరు, ఆ ఐదుగురే 1977లో ‘రూమర్స్’ ఆల్బమ్ చేశారు. 4 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు. 1968 నాటి బ్లూస్ రికార్డునూ దీన్నీ పక్కపక్కన పెట్టి వినిపిస్తే, సంగతి తెలియనివాడు రెండూ ఒకే బృందానివంటే నమ్మడు. అంటే స్థాపకుడు పోయాడు, శైలి పోయింది, ఊరు కూడా లండన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు మారింది. పాత పాటలను అలాగే వాయించిన 1974 వాళ్లు నకిలీ అట, ఏ పోలికా మిగలని 1977 వాళ్లు అసలట!

దీనికి తేలిక జవాబు ఒకటుంది: ఫ్లీట్‌వుడ్, జాన్ మెక్‌వీ ఇద్దరూ నిలిచారు కాబట్టి బృందం నిలిచిందని. నాకిది చాలదు. 1967 ఆగస్టు 13న విండ్సర్ ఉత్సవంలో ఫ్లీట్‌వుడ్ మాక్ తొలిసారి వేదికెక్కినప్పుడు మెక్‌వీ అందులో లేడు. మెక్‌వీ వచ్చేదాకా మాత్రమేనన్న ఒప్పందం మీద బాబ్ బ్రన్నింగ్ బేస్ వాయించాడు. అయినా అది ఆ బృందపు తొలి కచేరీయే. ఇంకా గట్టి సాక్ష్యం 1974 గొడవలోనే ఉంది. ఫ్లీట్‌వుడ్ ముందే ఒప్పుకున్నాడనీ వచ్చి కలుస్తాడని నమ్మే వెళ్లామనీ ఆ కొత్తవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఫ్లీట్‌వుడ్ అలాంటిదేమీ లేదన్నాడు. ఎవరి మాట నిజమన్నది అలా ఉంచి, ఇరుపక్షాలూ దేని మీద పోట్లాడుకున్నాయో చూడండి. వాయింపు బాగుందా, పేరు ఎవరి కాగితాల్లో ఉంది అని కాదు. లోపలివాళ్లు పిలిచారా లేదా అని. సమష్టిని ఒకటిగా నిలబెట్టేది ఆ పిలుపేనని నా వాదన. ఉన్నవాళ్లు రాబోయేవాళ్లకు చోటిస్తారు, వచ్చినవాళ్లు పాత బాకీలనూ పాత పాటలనూ తలకెత్తుకుంటారు. అలా చేతులు మారుతూ వస్తే, చివరికి ఆ ఇద్దరూ లేకపోయినా బృందం ఉన్నట్టే. ఈ ముగింపు కొందరికి రుచించదని తెలుసు, కానీ తప్పించుకునే దారి నాకు కనిపించడం లేదు.

బౌద్ధం వైపు నుంచి బలమైన ఆక్షేపణ వస్తుంది. మిళింద రాజుతో వాదంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు రథాన్ని చూపించి చక్రం రథమా, ఇరుసు రథమా అని అడుగుతూ పోయి, రథమన్నది భాగాలను ఆధారం చేసుకున్న వ్యవహారనామమేనని తేల్చాడు. ఆ లెక్కన బృందమన్నదీ వట్టి పేరే, అసలు నకిలీ అన్న గొడవే అనవసరం. లోపల మారని సారమేదీ లేదన్నంతవరకు నాగసేనుడితో నాకు పేచీ లేదు. కానీ వ్యవహారమంటే ఇష్టమొచ్చినట్టు అనడం కాదు. వట్టి పేరే అయితే టికెట్ కొన్నవాడు మోసపోయాననడానికి వీల్లేదు. పేరు అందింది కదా! తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో ఇచ్చిన ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. ఇటుకల చర్చి కూలితే ఊరివాళ్లు రాతితో, కొత్త తీరులో కట్టుకుంటారు. రూపమూ పదార్థమూ రెండూ మారినా అది అదే చర్చి, ఎందుకంటే రెంటికీ ఆ ఊరివాళ్లతో సంబంధం ఒకటే. పొరుగూరి కాంట్రాక్టరు వచ్చి అచ్చం పాతదానిలాంటిది ఇంకోచోట కట్టి అదే పేరు పెడితే ఆ సంబంధం రాదు. (ఆత్మను పోల్చాల్సి వస్తే గణతంత్రంతో పోల్చాలన్నదీ హ్యూమే. ఆ వాక్యం దాకా వచ్చి ఆగిపోయేవాళ్లే ఎక్కువ.)

మనిషి విషయంలోనూ ఇదే చెల్లుతుందా? నిన్నటి నన్ను ఇవాళ్టి నాతో కలిపేది కూడా నిన్నటి అప్పును నాదే అని ఒప్పుకోవడమేనని నేననుకుంటాను. సన్యాసం మీద మన ధర్మశాస్త్రాల పట్టింపు అందుకే అర్థవంతంగా కనిపిస్తుంది: తీసుకునేవాడు తన శ్రాద్ధం తానే పెట్టుకుంటాడు, ఆస్తిలో హక్కు వదులుకుంటాడు. శరీరం అదే, గొలుసు తెగింది. ఈ బృందంలోనూ అలాంటి తెగతెంపులు రెండుసార్లు జరిగాయి. డబ్బంతా దానం చేసేద్దామని గ్రీన్ సహచరులను అడిగాడు, వాళ్లు ఒప్పుకోలేదు. స్పెన్సర్ లాస్ ఏంజెలెస్‌లో పుస్తకాల షాపుకని వెళ్లి ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’ అనే మత సమాజంలో చేరిపోయాడు. మధ్యలో ఆగిన పర్యటనను పూర్తి చేయడానికి, వెళ్లిపోయిన గ్రీన్‌నే బతిమాలి తెచ్చుకున్నారు. స్థాపకుడు తన బృందంలోకే అతిథిగా వచ్చాడు!

గుర్తింపు ఇచ్చేది శ్రోతలే కదా అనొచ్చు. 1995లో బకింగ్‌హామ్, నిక్స్ లేకుండా ‘టైమ్’ ఆల్బమ్ వస్తే జనం పట్టించుకోలేదు; అయినా అది నకిలీదని ఎవరూ దావా వేయలేదు. నచ్చకపోవడం వేరు, కాకపోవడం వేరు. 1998లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బృందం నుంచి ఎనిమిది మందిని ఎంచి గౌరవించింది: గ్రీన్, స్పెన్సర్, కిర్వన్, ‘రూమర్స్’ ఐదుగురు. వెల్చ్ పేరు లేదు. పేరు పోయే ప్రమాదం ముంచుకొచ్చిన 1974లో లోపల నిలిచి, లాస్ ఏంజెలెస్‌కు మారదామని ఒప్పించినవాడు అతను. ఆ మకాం మార్పు లేకపోతే బకింగ్‌హామ్, నిక్స్ వీళ్లకు తారసపడేవాళ్లే కాదు. కీర్తిని కొలబద్ద చేసుకుంటే ఆ జాబితా సరైనదే. బృందాన్ని కొలబద్ద చేసుకుంటే తప్పు.