దారి ఒకరినడుగు, అండ ఒకరినడుగు

ఉద్యోగం మానేస్తానంటున్నావా? మానెయ్యి నాయనా. ఒకే కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చుని, చివర్లో శాలువా కప్పించుకుని ఇంటికొచ్చే కాలం కాదిది, ఆ మాత్రం నాకూ తెలుసు. ప్రతి ఆదివారం సాయంత్రం మొహం వేలాడేసుకుని కూర్చునే కొడుకుని చూడటం కన్నా, వాడు ఇంకో పని వెతుక్కుంటానంటే కన్నవాళ్ళకి నయమే. నువ్వు మారాలనుకోవడం మీద నాకేం పేచీ లేదు. ఎవర్ని ఏం అడుగుతున్నావో చూస్తేనే కాస్త ఒళ్ళు మండుతోంది.

మీ నాన్నని పట్టుకుని "డెయిరీ పెడితే లాభమేనా నాన్నా" అంటావు. ఆయన జీవితమంతా ఆఫీసులో లెక్కలు రాసుకున్న మనిషి, ఆయనకేం తెలుసు పాపం? తెలియదనడానికి మనసొప్పక "నీకెందుకురా ఆ పేడ పని" అనేస్తాడు. నువ్వు అలుగుతావు. అలిగి ఫోన్లో వీడియోలు పెట్టేవాడి పంచన చేరతావు. వాడు "భయపడితే ఎలా, దూకెయ్యండి" అంటాడు. దాంతో నీకు ఎక్కడలేని ధైర్యం వచ్చేస్తుంది. మొత్తం తిరగేశావు కదరా! దారి తెలియని మనిషిని దారి అడిగావు, రేపు నీ గుమ్మం తొక్కనివాడి దగ్గర అండ వెతుక్కున్నావు. దారి, ఆ పని చేసేవాణ్ణి అడగాలి. అండ, నీతోపాటు ఆ కష్టం పడబోయేవాళ్ళని అడగాలి. నేను చెప్పేది ఇంతే. మళ్ళీ మళ్ళీ ఇదే చెబుతాను, విసుక్కోకు.

డెయిరీ అన్నావు గనక ఆ సంగతే చూద్దాం. మా ఇంట్లో పాడి ఉండేది, ఆ చాకిరీ నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి గేదెలతో లక్షలు గడిస్తున్నాడని చూపించే వీడియోలో ఏముంటుంది? కడిగిన షెడ్డు, నిగనిగలాడే ముర్రా గేదెలు, బకెట్టు నిండా నురగ. పది గేదెలు, ఒక్కోటి రోజుకి పది లీటర్లు, లీటరు ఇంత, నెలకి ఇంత. గుణకారం అక్కడితో సరి. గేదె ఏడాది పొడుగునా పాలివ్వదన్న సంగతి ఆ లెక్కలో ఉందా? పది నెలలు మోస్తుంది. ఈనే ముందు రెండు నెలలైనా పాలు తియ్యడం మానెయ్యాలి, లేకపోతే తర్వాతి ఈతకి పాలు తగ్గుతాయి. పాలివ్వని ఆ రోజుల్లోనూ దానికి మేత కావాలి. ఈనాక మళ్ళీ ఎదకి రావాలి, వచ్చినప్పుడు నువ్వు కనిపెట్టాలి. ఆవైతే అరిచి గోల చేస్తుంది. గేదెది చాలాసార్లు మూగ ఎద, ఎండాకాలంలో మరీను. తెల్లారుజామున లేచి చూసే కన్ను లేకపోతే ఆ తడవ పోయినట్టే, మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. వరసగా మూడుసార్లు తప్పిపోయిందనుకో, రెండు నెలలపాటు వట్టిపోయిన గేదెకి తవుడూ పత్తిచెక్కా పెట్టి మేపావన్నమాట. లాభమూ నష్టమూ అక్కడ తేలతాయి నాయనా, బకెట్టులో నురగ దగ్గర కాదు.

ఇంకా ఉంది. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బిస్తారు, నీ లీటర్లొక్కటే చూడరు. పొద్దున నాలుక్కి పితకాలి, సాయంత్రం మళ్ళీ పితకాలి, చెల్లెలి పెళ్ళి రోజైనా సరే. పనివాడు సంక్రాంతికి ఊరెళ్తే షెడ్డులో ఉండేది నువ్వే. చెయ్యి మారితే చేపని గేదెలుంటాయి. పొదుగువాపు వచ్చిందంటే ఆ పాలు పారబొయ్యాలి. గాలికుంటు టీకా వేయించకుండా ఏమరుపాటుగా ఉంటే మంద మొత్తానికి అంటుకుంటుంది.

నిన్ను బెదరగొట్టాలని చెప్పడం లేదు. ఇవన్నీ తెలిసీ హాయిగా బతుకుతున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళు. పండక్కి వెళ్ళకు, మే నెలలో పచ్చిగడ్డికి కటకటగా ఉన్నప్పుడు వెళ్ళు. "లాభం ఉందా" అని అడగొద్దు, ఎవరూ నిజం చెప్పరు. బాగుంటే దిష్టి తగులుతుందని దాస్తారు, బాగోలేకపోతే పరువని దాస్తారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేశావు" అని అడుగు. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడం కష్టం. అడిగి ఊరుకోకు, సెలవు పెట్టి పది రోజులు అక్కడే పడుకో. నాలుగో రోజున కూడా పేడ ఎత్తాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

షెడ్డు మూసేసినవాణ్ణి కూడా అడుగు. ఈ ఒక్కటీ ఎవరూ చెయ్యరు. గెలిచినవాడికి తను ఎందుకు గెలిచాడో సగమే తెలుస్తుంది, మూసేసినవాడికి ఏ నెలలో ఏది దెబ్బకొట్టిందో రూపాయి లెక్కతో సహా తెలుసు. మర్యాదగా వెళ్ళి కూర్చుంటే పూట గడిచేదాకా చెబుతాడు, ఇన్నాళ్ళూ అడిగినవాడు లేక ఊరుకున్నాడంతే.

నేర్పేవాళ్ళూ ఉన్నారు. పల్లె యువత కోసం బ్యాంకులు జిల్లాల్లో నడిపే ఆర్‌సెటీలు, అదే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, తిండీ బసా ఇచ్చి ఉచితంగా నేర్పుతాయి. నేర్పి పంపేసి ఊరుకోవు, తర్వాత కూడా వెంట ఉండి కనుక్కుంటాయి. కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్ళకి రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ చూసే అగ్రి క్లినిక్‌ల పథకంలో 45 రోజుల శిక్షణ దొరుకుతుంది. నీ దగ్గర డబ్బు తీసుకోకుండా దారి చెప్పేవాళ్ళు ఇంతమంది ఉండగా, వీడియో వాడి ఫీజు కోర్సు ఎందుకురా నీకు?

పాడి వద్దు, కంప్యూటరు కోర్సే నేర్చుకుంటానంటావా? అక్కడా ఇదే వరస. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడితే చేతిలో కాగితాలు కుక్కుతారు. చక్కగా చెప్పే మాస్టార్లు అక్కడ ఉన్నారు, కాదనను. కానీ "ఉద్యోగం గ్యారంటీ, ఎక్స్‌పీరియన్స్ కూడా మేమే పెడతాం" అన్న గొంతు వినిపిస్తే చెప్పులేసుకుని బయటికొచ్చెయ్యి. లేని కంపెనీలో మూడేళ్ళు చేసినట్టు కాగితం పుట్టిస్తారు. ఉద్యోగంలో చేర్చుకునేవాళ్ళు నీ పీఎఫ్ నంబరు పట్టుకుని ఎక్కడెక్కడ పనిచేశావో చూస్తారు, ఆ మూడేళ్ళూ అక్కడ ఖాళీగా కనబడతాయి. కొత్త ఉద్యోగం పోవడమే కాదు, నువ్వు నిజంగా చేసిన పాత పనిని కూడా ఎవరూ నమ్మరు. టీచరు పని అంటావా, మంచిదే. బీఈడీకి రెండేళ్ళు, ఆ పైన టెట్, సర్కారు బడి కావాలంటే డీఎస్సీ పడేదాకా ఎదురుచూపు. ఆ ఎదురుచూపు సంగతి మాత్రం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పిల్లనో పిల్లాణ్ణో అడుగు, కోచింగ్ సెంటరు వాణ్ణి అడక్కు.

నాకు ఎదురు చెప్పడానికి ఎన్టీఆర్ పేరు తెస్తావని తెలుసు. 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరి మూడు వారాలకే వదిలేశాడు కదా అంటావు. వదిలేశాడు. ఆ మూడు వారాలు నీకు గుర్తున్నాయి గానీ, అంతకు ముందు విజయవాడలోనూ గుంటూరులోనూ కాలేజీ రోజుల్లో ఏళ్ళ తరబడి వేసిన నాటకాలు గుర్తులేవు. ఉద్యోగం వదిలే నాటికి ఆ పనేమిటో ఆయన ఒంటికి తెలుసు. (కుర్రతనంలో విజయవాడ హోటళ్ళకి పాలు పోసేవాడని కూడా చెబుతారు. నీ డెయిరీకి అదే ఆశీర్వాదం అనుకో.) నాకైతే ఎస్వీ రంగారావు కథ ఇంకా ఇష్టం. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం మాని 'వరూధిని'లో వేషం వేశాడు. సినిమా ఆడలేదు. ఆయన మొహం చాటేసుకుని కూర్చోలేదు, జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నాడు. పిలుపొచ్చాక మళ్ళీ మద్రాసు వచ్చాడు. 1951లో 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి చూసినవాళ్ళెవరికైనా మధ్యలో చేసిన ఆ ఉద్యోగం గుర్తొచ్చిందా? వెనక్కి రావడం సిగ్గుపడాల్సిన పనేం కాదురా.

సరే, దారి సంగతి అయింది. అండ దగ్గరికి వద్దాం, నాకు అసలు బెంగ దీని గురించే.

నువ్వు ఇంట్లో ఆఖరున చెబుతావు. రాజీనామా పంపేశాక, సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని "ఒక మాట చెప్పాలి" అంటావు. ముందే చెబితే అడ్డం పడతారని నీ భయం. ఆలోచించు, నీ జీతంతో కూరగాయలు కొనే మనిషికి ఆ జీతం ఆగిపోతోందని అందరికంటే ఆఖరున తెలియాలా? నీ కోడళ్ళో కొడుకులో రేపు నీకలా చేస్తే ఊరుకుంటావా? మీ ఆవిడకి గేదెల గురించి తెలియకపోవచ్చు, అందుకని ఆవిణ్ణి దారి అడక్కు. "జీతం రాని నెలలు వస్తాయి, నాతో ఉంటావా" అని అడుగు. ఆ ప్రశ్నకి జవాబు ఆవిడ దగ్గరే ఉంది.

వద్దంటుంది మొదట. అననీ. దేనికి వద్దంటోందో కనుక్కో. ఇంటి అప్పు వాయిదా, పిల్లాడి స్కూలు ఫీజు, ఆడపడుచు సీమంతం, ఇలా ఆ భయానికి ఒక పేరూ ఒక తారీఖూ ఉంటాయి. ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. ఎన్ని నెలలకి సరిపడా డబ్బు పక్కన పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. ఎప్పటికి కుదరకపోతే వెనక్కి వచ్చేస్తావో ఆ తారీఖు కూడా అక్కడే రాయి. తారీఖు రాశావంటే ఆవిడ అప్పటిదాకా పుట్టింటివాళ్ళకీ ఇరుగుపొరుగుకీ నీ తరఫున జవాబు చెబుతుంది. అండంటే అదేరా, నువ్వు లేనిచోట నీ మాట నిలబెట్టడం.

ఇల్లు మారేటప్పుడు వంటింటి సామాను ఆఖరున కడతాం కదా, జీతాన్నీ అలాగే ఆఖరున కదుపు. చాలా కంపెనీల్లో 90 రోజులు నోటీసు ఉంటుంది, ఆ రోజుల్ని తిట్టుకోకుండా వాడుకో. పీఎఫ్ డబ్బు తీసేసి షెడ్డు కట్టేస్తానని ఉబలాటపడకు. సర్వీసు అయిదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పింఛను హక్కుకి పదేళ్ళ సర్వీసు కావాలి, మళ్ళీ ఎప్పుడైనా ఉద్యోగంలో చేరితే ఆ పాత ఏళ్ళు కలిసొస్తాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా నీ ఆఖరి పనిదినంతో పోతుంది. అందులో మీ అమ్మానాన్నల పేర్లున్నాయి, మర్చిపోయావా? కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకి 36 నెలల దాకా ఆగమనవచ్చు. ఉద్యోగం ఉండగానే సొంత పాలసీ తీసుకుంటే ఆ ఆగడం ఇప్పుడే మొదలై కొంత గడిచిపోతుంది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న పిల్లలకైతే ఈ లెక్కలు ఇంకా బిగువు. ఉద్యోగం ఆగితే 60 రోజులే గడువు, అక్కడ ముందు మానేసి తర్వాత ఆలోచిద్దామనే మాటే లేదు.

నువ్వు మానకుండా వాళ్ళే తీసేస్తే? దానికి వేరే మాట చెప్పాలి. రోజూ పొద్దున లంచ్ బాక్సు కట్టించుకుని, బ్యాగు తగిలించుకుని, ఆఫీసుకి వెళ్తున్నట్టు వెళ్ళి పార్కులో కూర్చునే పిల్లలున్నారు. తల్లికి తెలియకూడదని! తల్లికి తెలియనిదెప్పుడు? అన్నం తినే తీరు చూస్తే తెలిసిపోతుంది, నువ్వు చెప్పేదాకా అడగదంతే. ఆ రోజే చెప్పెయ్యి నాయనా. తీసేసింది కంపెనీ, తప్పు చేసినవాడిలా నువ్వు తలొంచుకోవడమేమిటి?

అమ్మాయ్, పిల్లల కోసం ఆగి ఇప్పుడు మళ్ళీ పనిలో చేరదామనుకుంటున్నావు, నీకూ ఒక మాట. ఇంట్లో "వెళ్ళనా" అని అడక్కు. అడిగితే వాళ్ళకి కాదనే హక్కు చేతికిచ్చినట్టే. "రోజూ రెండు గంటలు బాబుని ఎవరు చూస్తారు" అని అడుగు. ముందు రెండు గంటలు నిలబెట్టుకో, చదువుకో, మీ పాత ఆఫీసు స్నేహితురాలితో మాట్లాడు, ఇప్పుడు ఆ పని ఎలా చేస్తున్నారో కనుక్కో. సొంతంగా ఏదైనా పెట్టాలనుంటే హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది, 2018లో ఆడవాళ్ళ వ్యాపారాల కోసమే తెలంగాణ ప్రభుత్వం పెట్టింది. నీ మొదటి అడుగు మీ అత్తగారికి నచ్చకపోవచ్చు. మొదటి నెల డబ్బు చూశాక చాలామంది అత్తగార్లు మెత్తబడటం నేను చూశాను, ఈ మాట నేనన్నానని ఆవిడతో అనకు.

శనివారం ఊరెళ్తానన్నావుగా. నాన్నతో గేదెల చర్చ పెట్టకు. ఆయన బీపీకీ సుగరుకీ ఏ మాత్రలు వాడుతున్నాడో ఆ చీటీ అడిగి ఫోటో తీసుకురా, పాలసీ ఫారంలో అవన్నీ రాయాలి, ఒక్కటీ దాచొద్దు. ఎందుకురా అని అడుగుతాడు. అప్పుడు చెప్పు, ఉద్యోగం మారదామనుకుంటున్నానని, నీ బీమా ఆగిపోకుండా ముందే చూసుకుంటున్నానని.