అనవస్థితత్వము

కఠోపనిషత్తు తృతీయవల్లిలో శరీరము రథముగను, బుద్ధి సారథిగను, మనస్సు కళ్లెముగను, ఇంద్రియములు గుఱ్ఱములుగను నిరూపింపబడినవి. గుఱ్ఱము బెదరినచో సారథికి తెలియును. కాని మనస్సునకు మఱియొక రోగము కలదు. పనిచేయుచున్నంతసేపు చక్కగనే పనిచేయును. ఏల ఆగెనో, మరల ఏల కదలెనో తెలియదు. ఈ రోగమునకు గుఱ్ఱపుబండికంటె మోటారుకారే తగిన దృష్టాంతము.

పతంజలిమహర్షి యోగసూత్రముల ప్రథమపాదమున తొమ్మిది అంతరాయములను లెక్కించెను. వ్యాధితో మొదలైన ఆ వరుసలో తుదిది అనవస్థితత్వము. దానికి ముందున్నది అలబ్ధభూమికత్వము, అనగా చేరవలసిన మెట్టును చేరలేకపోవుట. అనవస్థితత్వమన్ననో, చేరిన మెట్టుపై నిలువలేకపోవుట. చేరనివాడు తన లోపము నెఱిగి ప్రయత్నించును. చేరి జారువాడు, జారని వేళలందు తనకే లోపమును లేదని నమ్మును. అందుచేతనే కాబోలు మహర్షి దీనిని చిట్టచివర నుంచెను.

కోనసీమలో ఒక గృహస్థుడు కలడు. తండ్రినాటి పెట్రోలు అంబాసిడరు ఆయనకు సంక్రమించినది. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. తల్లికి మూత్రపిండములు చెడగా, వారమునకు రెండుమార్లు ఆమెను డయాలిసిస్‌కు కాకినాడ తీసికొనిపోవలసి వచ్చెను. పూర్వము ఆ దారిలో గౌతమిని పంటుపై దాటవలసియుండెడిది. 2002లో ఎదుర్లంక, యానాముల నడుమ వంతెన వచ్చినపిమ్మట ప్రయాణము సులభమైనది. సులభము కానిది కారొక్కటే. ఒకనాడు సెల్ఫు ఎంత కొట్టినను ఇంజను తిరుగదు. పావుగంటకు ఎవరును ముట్టకయే తిరుగును. ఒకనాడు బ్రేకు తొక్కగా వెనుక సైడులైట్లు మసకగా వెలుగును. వానలో క్షీణించిన దీపములు మెకానిక్కు షెడ్డు చేరునప్పటికి దేదీప్యమానముగ వెలుగును. "ఏమీ లేదండీ, బాగానే ఉంది" అని మెకానిక్కు అనును. కంటబడని దోషమును అతడు మాత్రమేమి బాగుచేయగలడు?

దిష్టి తగిలినదని కొందఱు చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టించిరి. దసరాకు ఆయుధపూజ చేయుట మన సంప్రదాయము, దానిని కాదనరాదు. కాని తుప్పు గీకవలసిన పనిని నిమ్మకాయకు అప్పగించుట భక్తి కాదు, సోమరితనము. మహర్షి చెప్పిన తొమ్మిదింటిలో ఆలస్యమును ఒకటి.

ఆ గృహస్థుడు ప్రతిదినము ఉషఃకాలమున గీతలోని ఆరవ అధ్యాయమును పారాయణ చేయువాడు. పూజాగృహమున ఆయన మనస్సు నిశ్చలముగ నుండెడిది. అది నటన కాదు. ఒక శ్రావణమాసపు రాత్రి ఆసుపత్రినుండి మరలుచుండగా, వంతెన దాటిన పిమ్మట కారు ఆగెను. దీపము లారెను. వెనుక లారీలు హారన్లు మ్రోగించుచుండెను. వెనుకసీటులో నీరసించియున్న తల్లి "ఏమైందిరా నాన్నా?" అని అడిగెను. "నీ వల్లే కదమ్మా ఈ తిప్పలన్నీ!" అని ఆయన అరచెను. దుఃఖము, దౌర్మనస్యము, అవయవముల వణకు, క్రమము తప్పిన ఊపిరి అను నాలుగును అంతరాయములకు తోడునీడలని యోగశాస్త్రము చెప్పుచున్నది. నాలుగును ఆ రోడ్డుమీదనే ఆయనయందు కనబడినవి.

తల్లి మఱి మాటాడలేదు. తరువాతి వారము "నాకింక ఆసుపత్రి వద్దురా, ఓపిక లేదు" అన్నది. డయాలిసిస్ మానినచో ఏమగునో ఆయనకు తెలియును.

ఆ కారు దోషమును పట్టినవాడు ఒక వృద్ధ ఎలక్ట్రీషియను. దీపము లార్పి కొలిచినప్పుడు మీటరు 12 వోల్టులు సరిగనే చూపెను. తీగలో ఒక్క పోగు మిగిలినను అంతియే చూపును. మీటరు తీసికొను విద్యుత్తు అత్యల్పము గదా. హెడ్‌లైట్లు వేయించి, సెల్ఫు కొట్టించి, భారము మోపి కొలిచినప్పుడు లోపము బయటపడెను. బ్యాటరీనుండి బయలుదేరిన విద్యుత్తు దీపమును వెలిగించి, కారు ఇనుపశరీరముగుండ మరల బ్యాటరీకి చేరవలెను. ఆ తిరుగుదారికే ఎర్తు అని పేరు. ఉప్పుగాలికి ఎర్తుతీగ పోగులు పచ్చబారి తెగి, ఒకటి రెండు మాత్రము అంటుకొనియుండెను. కుదుపునకు విడివడును, నిలిచిన అంటును. వెనుక దీపముల ఎర్తు సైతము తుప్పుపట్టెను. తనదారి మూసికొనిన విద్యుత్తు పక్కదీపముగుండ దారి వెదకుకొనును. బ్రేకు తొక్కగా సైడులైట్లు వెలుగుటకు కారణమదియే.

పూజాగృహమున మనస్సును పరీక్షించుకొనుట దీపము లార్పి వోల్టులు కొలుచుటవంటిది. అర్జునుడు మనస్సు చంచలమని మొఱపెట్టుకొనినది ఆశ్రమములో కాదు, రెండుసేనల నడుమ, రథముపైన. భగవానుడు ఆ మాటను కాదనలేదు. నిజమేనని యొప్పుకొనియే అభ్యాసవైరాగ్యములను ఉపదేశించెను. అభ్యాసము ఎడతెగక సాగవలెనని పతంజలి చెప్పినదానికి, నిత్యము ఒకే వేళకు కూర్చుండుటయని పలువురు అర్థము చెప్పుకొందురు. అది చాలదు. ఎడము పడునది పారాయణలో కాదు, పారాయణ ముగించి లేచిన తరువాత.

తిరుగుదారి సంగతి గీత మూడవ అధ్యాయమునందే కలదు. దేవతలు ఒసగినదానిని వారికి మరల అర్పింపక అనుభవించువాడు దొంగయని అచట చెప్పబడినది. తల్లికి కుమారుడు చేయు సేవయు అట్టిదే. ఉపకారమని తలచినవానికే "నీ వల్లే" అను మాట నోటికి వచ్చును.

మఱునాడు ఆయన పారాయణకు కూర్చుండలేదు. తల్లి మంచముకడ నేలపై కూర్చుండి క్షమింపుమని వేడెను. ఆమె చాలసేపు ఊరకుండి, "కారు బాగైందా?" అని మాత్రము అడిగెను. ఆ శనివారము ఇరువురును కాకినాడకు పోయిరి.

ఎర్తుతీగ మార్చినను పాతవైరింగు పాతదే. వానలో ఎడమ ఇండికేటరు వెలుగదు. ఆయన టార్చిలైటును, ఫ్యూజులను దగ్గర నుంచుకొని, గంటముందు బయలుదేరుచున్నాడు. కార్తికమాసములో మరల ఒకమారు కారు ఆగెను. "ఏమైందిరా?" అని తల్లి అడిగెను. "చూస్తానమ్మా, నువ్వు పడుకో" అని ఆయన టార్చి తీసికొని దిగెను. ఆనాడును ఆయన చేతులు వణకుచునే యుండెను.