మనిషి లేని వాక్యాలు

బస్సులో, స్టాఫ్‌రూములో, టీ అంగడి ముందు, టీవీ చర్చల్లో మనం తరచూ వినే వాక్యాలు నాలుగున్నాయి. “టెక్నాలజీదేముంది, అది మంచీ కాదు చెడూ కాదు.” “సైన్సు ఎప్పుడో నిరూపించింది.” “మీడియా ఉన్నదే చూపిస్తుంది.” “చట్టం తన పని తాను చేసుకుపోతుంది.” అన్నవాళ్లను ఆపి “అంటే ఏమిటండీ?” అని అడిగితే “ఏముంది, ఊరికే అన్నాను” అంటారు. ఆ మాట అనడానికి చదవాల్సిన పని లేదు, తెలుసుకోవాల్సిన పని లేదు, ఆ తర్వాత చేయాల్సిన పనీ లేదు. అంత తేలికైన మాటను పట్టుకుని ఒక వ్యాసం రాయాలా అనిపించవచ్చు. ఊరికే అన్న మాటకు బాధ్యత ఉంటుందా అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు వాక్యం కట్టుబడి మీద పడుతుంది. ఈ నాలుగు వాక్యాల్లోనూ వ్యాకరణం ప్రకారం కర్త ఉంది. టెక్నాలజీ, సైన్సు, మీడియా, చట్టం. లేనిదల్లా మనిషి. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది, ఎవరు చూస్తూ నిలబడ్డారు అన్న మూడు సంగతులూ ఆ వాక్యాల్లో ఎక్కడా కనిపించవు. అన్న మనిషి కూడా అందులో లేడు. అందుకే అవి అంత సుఖంగా నోటికి వస్తాయి.

దీనికి ఎదురుగా ఇంకో రకం మాటలున్నాయి. బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్లు చేరి “ఫలానా ఇంట్లో పిల్లని రాత్రి కొట్టినాడంట, అత్త తలుపేసుకునిందంట” అని చెప్పుకుంటారు. ఇందులో చేసినవాడున్నాడు, పడినామె ఉంది, చూస్తూ ఊరుకున్నామె కూడా ఉంది. కానీ దీనికి మనం పెట్టిన పేరు ‘అమ్మలక్కల కబుర్లు’. మనుషులున్న మాట కబురైంది, మనుషులు లేని మాట అభిప్రాయమైంది. ఈ విభజన మీద మనకు ముందే అనుమానం రావాల్సింది.

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో మూడు ఊళ్లున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ నాలుగు వాక్యాలూ అక్కడ ఏమయ్యాయో చూద్దాం.

2021 జనవరి 24న మదనపల్లెలో ఇద్దరు యువతులు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. పోలీసులు అరెస్టు చేసింది తల్లిదండ్రులను. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లు, పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు, ఒకరిది సైన్సు, ఒకరిది లెక్కలు. చనిపోయిన బిడ్డలు తిరిగి బతికి వస్తారన్న నమ్మకం గురించి ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి. ఆ ఇంటి లోపల జరిగినదాన్నీ, వాళ్ల మానసిక స్థితినీ తేల్చాల్సింది న్యాయస్థానం. నేను మాట్లాడుతున్నది ఆ తర్వాత మనం మాట్లాడిన మాటల గురించి.

ఆ వారాల్లో అందరి నోటా ఒకటే మాట. “అంత చదువుకున్నవాళ్లు కూడా ఇలా చేస్తారా?” ఈ ఆశ్చర్యం కింద ఒక నమ్మకం దాగి ఉంది. సైన్సు డిగ్రీ ఒకసారి వేయించుకుంటే చాలు, మూఢనమ్మకం దగ్గరికి రాని టీకా లాంటిదని. నిజానికి సైన్సంటే పట్టా కాదు కదా. “ఎందుకు? నీకెలా తెలుసు? ఆధారమేది?” అని అడిగే అలవాటు. ఆ అలవాటుకు మన ఇళ్లలో చోటెంత? ఏ కాలేజీలో చదివినా, ఎంత దూరం వెళ్లి ఉద్యోగం చేసినా కూతురు ఇంటికొచ్చి నాన్నను “ఎందుకు?” అని అడిగితే అది ప్రశ్న కాదు, ఎదురు చెప్పడం. కోడలు అడిగితే పొగరు. ప్రయోగశాలలో తప్పనిసరి అయిన ప్రశ్న వంటింట్లో నేరమవుతుంది. “చదువుకున్నవాళ్లు కూడా” అని ఆశ్చర్యపోయినవాళ్లు చదువు గురించి మాట్లాడారు గానీ, ఆ చదువును ఇంటి గడప బయటే విప్పించే కుటుంబం గురించి మాట్లాడలేదు.

అదే సమయంలో ఆ తల్లి పోలీసుల మధ్య, ఆసుపత్రి వరండాలో అన్న మాటలు చానళ్లలో మళ్లీ మళ్లీ వచ్చాయి. కరోనా పరీక్ష వద్దంటూ ఆమె అన్న మాటలు ఫోన్లలో నవ్వుకునే ముక్కలయ్యాయి. “మీడియా ఉన్నదే చూపిస్తుంది” అంటారు. ఉన్నది చాలా ఉంటుంది. అందులోంచి ఏ పది సెకన్లు కోయాలో ఒక మనిషి నిర్ణయిస్తాడు, వాటిని ఎన్నిసార్లు తిప్పాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 24వ సెక్షన్ ఉంది. మానసిక చికిత్సాలయంలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను గానీ వివరాలను గానీ ఆ వ్యక్తి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అది చెబుతుంది. చికిత్సాలయానికి చేరకముందు వరండాలో తీసిన వీడియోకు ఈ సెక్షన్ అక్షరాలా వర్తించకపోవచ్చు. కానీ ఆ సెక్షన్ వెనకున్న మర్యాద గుర్తుంటే ఆ కెమెరా కొంచెం పక్కకు తిరిగేది. చనిపోయిన ఇద్దరమ్మాయిల ఫోటోలు మాత్రం అన్ని తెరల మీదా ఉన్నాయి. వాళ్లేం ఆలోచించేవారో, దేనికి భయపడ్డారో అడిగిన చర్చలు ఎన్ని?

చట్టం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మహారాష్ట్రలో మూఢాచారాల నిరోధక చట్టం కోసం నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి తిరిగాడు. 2013 ఆగస్టు 20న ఆయన్ను పుణెలో కాల్చి చంపారు. ఆ చట్టం వచ్చింది ఆయన చనిపోయాకే. కర్ణాటక 2017లో అలాంటి చట్టం చేసి 2020లో అమల్లోకి తెచ్చింది. మదనపల్లె నుంచి కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు. కానీ 2021 నాటికి సరిహద్దుకు ఇటువైపు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఒక చట్టంతోనే ఆ ఇద్దరూ బతికేవారని నేననను. చట్టం దానంతటది పుట్టదనీ, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, ఒక్కోసారి ఒకరు చావాలి అనీ మాత్రమే అంటున్నాను. పుట్టుకే దానంతట అది జరగనప్పుడు పని దానంతట అది ఎలా జరుగుతుంది?

మదనపల్లె దాటి పుంగనూరు వెళదాం. అక్కడ విషాదం లేదు, ఒక పొట్టి ఆవు ఉంది. పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న చిత్రాలు రాగానే దేశమంతా దీని గురించే మాట్లాడింది. దాంతోపాటే “సైన్సు నిరూపించింది” అన్న మాట కూడా. దీని పాలలో వెన్న శాతం ఎక్కువన్నది పరిశోధకులు నమోదు చేసిన సంగతే. అక్కడితో ఆగక అన్ని రోగాలకూ మందు అనేవాళ్లున్నారు, దేశీ ఆవు పాలలో బంగారం ఉందనేవాళ్లూ ఉన్నారు. ఎవరు నిరూపించారు, ఎన్ని ఆవుల మీద, ఏ కొలతతో? అడిగితే మళ్లీ “ఊరికే అన్నాను.”

ఈ జాతిని కాపాడే పని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఏళ్లుగా సాగుతోంది. అది కొలతలతో, ఓపికతో నడిచే సైన్సు. దాని పక్కనే ఇంకో జ్ఞానం ఉంది. తక్కువ మేతతో, కరువుకు తట్టుకుని ఈ ఆవు బతుకుతుందని ముందు తెలిసింది కరువు సీమలో దాన్ని పెంచినవాళ్లకు. కుడితి పెట్టి, పేడ ఎత్తి, పాలు పితికి, ఈనే రాత్రి కొట్టంలో మేలుకునేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. పాల డబ్బులు ఎవరి చేతికొస్తాయన్నది వేరే కథ. “సైన్సు నిరూపించింది” అన్న వాక్యంలో పలమనేరు పరిశోధకులూ లేరు, కొట్టంలో మేలుకున్నామే లేదు. నిజంగా తెలిసినవాళ్లిద్దరినీ పక్కకు నెట్టి తెలియని మాట మధ్యలో కూర్చుంది.

కుప్పంలో కథ రెండు కాలాలది. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ మూడేళ్ల ప్రయోగంగా ‘ఐ-కమ్యూనిటీ’ని మొదలుపెట్టాయి. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం అది. ఊళ్లలో కంప్యూటర్ కేంద్రాలు పెట్టారు. నన్ను ఆకట్టుకున్నది అందులో ఒక చిన్న భాగం. స్వయం సహాయక సంఘాల్లోని కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరా, వెంట తీసుకెళ్లగల ప్రింటరు, సౌరశక్తితో ఛార్జింగయ్యే పరికరం ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పారు. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు, పేరంటాలకు వాళ్లు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చారు. పల్లెలో కెమెరా పట్టుకున్న ఆడమనిషి “ఇటు చూడండి, కదలకండి” అని చెబితే మగవాళ్లు కదలకుండా నిలబడడం చిన్న విషయమేమీ కాదు. కంపెనీ లెక్కలు కంపెనీకి ఉన్నాయి, మూడేళ్ల తర్వాత అది తన దారిన వెళ్లింది. అయినా కెమెరా ఆమె చేతికి రావడం వెనక ఒక నిర్ణయం ఉంది, కొంత డబ్బుంది, శిక్షణ ఉంది.

2025 జూన్‌లో అదే కుప్పం మండలంలోని ఒక ఊళ్లో, భర్త తీసుకున్న 80 వేల రూపాయల అప్పు తీర్చలేదని ఒక స్త్రీని వేపమానుకు కట్టేశారు. వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది, చానళ్లకు ఎక్కింది. ముఖ్యమంత్రి స్పందించాడు, కేసు పెట్టారు, అరెస్టు చేశారు. ఈసారి కెమెరా ఉంది, ఆడమనిషి ఉంది. కానీ ఆమె కెమెరా వెనక లేదు, ముందుంది, తాళ్లతో.

“టెక్నాలజీ మంచీ కాదు చెడూ కాదు, వాడే చేతిని బట్టి ఉంటుంది” అనేవాళ్లు ఇక్కడ నన్ను ఆపవచ్చు. అయితే చేతుల గురించే మాట్లాడదాం. ఫోన్ ఎవరి చేతిలో ఉంది? తాడు ఎవరి చేతిలో ఉంది? ఎన్ని చేతులు ఊరికే ఉన్నాయి? ఆ వీడియో లేకపోతే కేసు కదిలేది కాదేమో, అందుకు దాన్ని తక్కువ చేయను. కానీ అదే వీడియో ఆమె ముఖాన్ని, ఆమె అవమానాన్ని అడక్కుండానే లక్షలమందికి పంచింది. న్యాయానికి దారి ఆమె అవమానం మీదుగానే ఎందుకు పోవాలి?

“చట్టం తన పని” ఇక్కడ ఏమిటి? భర్త చేసిన అప్పుకు భార్య తాను కూడా ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే తప్ప బాధ్యురాలు కాదు. మనిషిని కట్టేయడం అక్రమ నిర్బంధం. పాత శిక్షాస్మృతిలోనూ నేరమే, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ 127వ సెక్షన్ కింద నేరమే. అంటే ఆ ఉదయానికి చట్టం సిద్ధంగానే ఉంది. వేపమాను దగ్గర లేనిది మనిషి. “ఆ అప్పు ఆమెది కాదు, తాడు విప్పు” అనే మనిషి.

ఇక్కడ నాకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. తెలిసినవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి అంటున్నానా? అలాగైతే ముందు మూతపడేవి మన నోళ్లే. చట్టం లాయర్లకు, సైన్సు శాస్త్రజ్ఞులకు, మీడియా పాత్రికేయులకు వదిలేస్తే స్త్రీలకు మిగిలేది వంట గురించిన అభిప్రాయం, అది కూడా ఉప్పు సరిపోయిందని మగవాడు ఒప్పుకున్నాకే.

మదనపల్లె చరిత్రలోనే దీనికి జవాబుంది. 1919లో టాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు జనగణమనకు స్వరం రాసిన మార్గరెట్ కజిన్స్ గురించి చాలామంది ‘ప్రిన్సిపాల్ గారి భార్య’ అంటారు. ఆమె ఐర్లండ్‌లో ఓటు హక్కు కోసం జైలుకెళ్లి వచ్చిన మనిషి. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మద్రాసులో మాంటేగును కలిసింది. ఆ బృందాన్ని కూర్చడంలో మార్గరెట్ పాత్ర పెద్దది. వాళ్లలో రాజ్యాంగ నిపుణులు లేరు. అయినా చట్టం గురించి అభిప్రాయం చెప్పారు. రాబోయే సంస్కరణల్లో ‘ప్రజలు’ అన్నప్పుడు స్త్రీలను కూడా ఆ మాటలో లెక్కించమని అడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి దేశంలోని రాష్ట్రాల్లో మొదటగా స్త్రీలకు ఓటు ఒప్పుకుంది. వాళ్ల మాటకూ మన ‘ఊరికే’ మాటకూ తేడా నైపుణ్యంలో లేదు. ‘మేము అడుగుతున్నాం, మీరు ఇవ్వాలి’ అని వాళ్లు తమను తాము వాక్యంలో నిలబెట్టుకున్నారు. అన్న మాటకు కట్టుబడి తర్వాత పని కూడా చేశారు.

కాబట్టి అభిప్రాయానికి అర్హత డిగ్రీ కాదు. వాక్యంలో నేనెక్కడున్నాను, ఈ మాట తప్పయితే దాని ఖరీదు ఎవరు కడతారు అన్న స్పృహ.

ఈ కొలత మనకూ వర్తిస్తుంది. “పితృస్వామ్యం స్త్రీలను అణచివేస్తోంది”, “మార్కెట్ స్త్రీ శరీరాన్ని సరుకు చేస్తోంది” అని మన పత్రికల్లో, సెమినార్లలో ఎన్నిసార్లు రాసుకున్నాం! అవి అబద్ధాలు కావు. ఆ మాటలు లేని రోజుల్లో మన బాధకు పేరే లేదు. కానీ అలవాటుగా వాడినప్పుడు అవీ “చట్టం తన పని” లాంటి వాక్యాలే అవుతాయి. పితృస్వామ్యం ఎవరినీ వేపమానుకు కట్టదు. పేరున్న ఒక మనిషి కడతాడు, ఇంకో పదిమంది చూస్తారు. వ్యవస్థ పేరు చెప్పడం ఆ మనుషులను దాచడానికి కాకుండా, వాళ్లకంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో చూపడానికి పనికిరావాలి. బోరింగు దగ్గరి మాటల నుంచి మన పరిశోధన నేర్చుకోవాల్సింది ఇదే.

ఊరికే మాట్లాడడం మానేయమని ఎవరినీ అడగలేం, మనమూ మానలేం. కానీ రేపు స్టాఫ్‌రూములో ఎవరో పేపరు మడిచి పక్కన పెట్టి “సరే లెండి, చట్టం తన పని తాను చేసుకుపోతుంది” అన్నప్పుడు నవ్వుతూనే అడగవచ్చు. ఏ స్టేషన్లోనండీ? ఫిర్యాదు రాశారా? ఆమెతో ఎవరు వెళ్లారు?